విప్పడానికి వీలుగా పుట్టిన లారీ

1941 నుంచి 1945 వరకు అమెరికాలో జీఎంసీ సంస్థ ఒకే కోవకు చెందిన లారీలను 5 లక్షల 60 వేలకు పైగా తయారుచేసింది. కాగితాల మీద దాని పేరు సీసీకేడబ్ల్యూ. మూడు యాక్సిళ్లు, మూడింటికీ ఇంజను ఊపు అందుతుంది. 4.4 లీటర్ల ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, ఐదు గేర్లు, వాటికి తోడు బురదలో బలం పెంచడానికి రెండు అంచెల ట్రాన్స్‌ఫర్ కేసు. బాట లేని నేల మీద రెండున్నర టన్నులు మోయాలన్నది లెక్క. రెండో ప్రపంచయుద్ధంలో ఆ లెక్కను ఎవరూ పెద్దగా పాటించలేదు. రోడ్డు కాస్త బాగుంటే దానికి రెట్టింపు బరువు ఎత్తారు.

వీటిలో చాలా భాగం ఎప్పుడో కొలిమిలో కరిగి కడ్డీలూ రేకులూ అయిపోయింది. మిగిలినవాటిని వెతికి పట్టుకుని, విప్పి, బాగుచేసి, మళ్లీ రోడ్డెక్కించడం ఇవాళ వేలమందికి వ్యాపకం. ఏటా జూన్ మొదటి వారంలో ఫ్రాన్సులోని నార్మండీ తీరానికి వెళ్తే ఈ లారీలు బారులు తీరి కనిపిస్తాయి. వాటిని నడిపేవాళ్లు సైనికులు కారు. వారమంతా ఏదో ఉద్యోగమో వ్యవసాయమో చేసుకుని, సెలవురోజుల్లో షెడ్డులో చేతులు నల్లగా చేసుకునేవాళ్లు.

ఎనభై ఏళ్ల నాటి యంత్రాన్ని ఇంటి వెనక షెడ్డులో, మామూలు పనిముట్లతో బతికించడం ఎలా సాధ్యం? నాకు తోచిన జవాబు ఆ లారీ పుట్టుకలోనే ఉంది. దాన్ని గీసిన ఇంజనీర్ల మనసులో ఉన్న మెకానిక్ ఇరవై ఏళ్ల కుర్రవాడు. వర్షంలో, చీకట్లో, గుప్పెడు స్పానర్లతో, నిద్ర లేని కళ్లతో పనిచేసేవాడు. అతనికి చేతకాని పని ఏదీ ఆ లారీలో ఉండకూడదు. ఆ కుర్రవాడి కోసం పెట్టిన సౌకర్యమే ఇప్పుడు అభిరుచితో పనిచేసేవాళ్లకు అక్కరకొస్తోంది.

1944 ఆగస్టు 25న నార్మండీ రేవుల నుంచి ముందుకు ఉరుకుతున్న మిత్రదేశాల సైన్యాలకు పెట్రోలు, తూటాలు, తిండి మోయడానికి 'రెడ్ బాల్ ఎక్స్‌ప్రెస్' అనే లారీల ధార మొదలైంది. నవంబరు 16 వరకు నడిచింది. ఉద్ధృతంగా సాగిన రోజుల్లో సుమారు 6,000 వాహనాలు తిరిగాయి; ఒక్కరోజులో సుమారు 12,500 టన్నుల సరుకు చేరవేసిన ఘనత వాటిది. గంటకు 25 మైళ్లు మించకూడదన్నది ఉత్తర్వు. వేగం దాటకుండా ఇంజనుకు బిగించిన గవర్నర్లను డ్రైవర్లే ఊడదీశారు. లారీలు దారి పొడుగునా చెడిపోయాయి, దారి పొడుగునా బాగుపడ్డాయి కూడా. ఒక లారీ గేరుబాక్సు విప్పి మరో లారీకి బిగిస్తే అది అతుక్కునేది. లక్షల లారీల్లో ఒకే కొలతల భాగాలు ఉంటే కలిగే లాభం అంత స్పష్టంగా కనిపించిన సందర్భం మరొకటి అరుదు.

ఆ భాగాలన్నిటికీ అమెరికా సైన్యం వేసిన జాబితా సంఖ్య జి-508. పునరుద్ధరణ చేసేవాళ్లకు ఇది ఇంటిపేరంత పరిచయం. దీనితోపాటు టీఎం 9-801 అనే మరమ్మతు పుస్తకం ఉంది: ఏ నట్టు ముందు విప్పాలో, ఏ బేరింగు ఎటు తిరిగి కూర్చోవాలో బొమ్మలతో సహా చెబుతుంది. యుద్ధకాలంలో కట్టలు కట్టి దాచిన విడిభాగాలు పాత గోదాముల నుంచి నేటికీ బయటపడుతుంటాయి. అలాంటి పొట్లం విప్పడం ఒక అనుభవం. పైన మందపాటి మైనపు కాగితం, దాని మీద భాగం నంబరు, పొట్లం కట్టిన నెల, సంవత్సరం. లోపల కాస్మోలిన్ అనే పెట్రోలియం జిడ్డు గట్టిపడి గోధుమరంగు పెంకులా పట్టి ఉంటుంది. కిరసనాయిలులో నానబెట్టి గుడ్డతో తుడిస్తే కింద బేరింగు అద్దంలా మెరుస్తుంది. దశాబ్దాల పాటు ఆ పెంకు చేసింది ఒకటే పని, ఇనుమునూ తేమనూ కలవనివ్వకపోవడం.

ఆ రెండూ కలిస్తే ఏమవుతుందో మిగతా లారీ చూపిస్తుంది.

తుప్పు అంటే ఇనుము ఆక్సిజన్‌తో కలవడమేనని బడిలో చదువుకుంటాం. అసలు కథలో కరెంటు కూడా ఉంది. రేకు మీద ఒక నీటిబొట్టు నిలిచిందనుకుందాం. బొట్టు అంచుల్లో గాలి సులువుగా కరుగుతుంది, నడిమధ్యకు అంతగా అందదు. ఈ తేడా వల్ల మధ్యలోని ఇనుము ఎలక్ట్రాన్లను వదిలి నీటిలోకి కరుగుతుంది. ఆ ఎలక్ట్రాన్లు రేకు గుండా ప్రయాణించి అంచు దగ్గర ఆక్సిజన్‌ను అందుకుంటాయి. అంటే నీటిబొట్టు ఒక చిన్న బ్యాటరీ. తుప్పు వలయంగా పేరుకుంటుంది, గుంట మాత్రం మధ్యలో పడుతుంది. కేంబ్రిడ్జిలో ఇవాన్స్ అనే శాస్త్రవేత్త 20వ శతాబ్దం తొలి సగంలో ఈ సంగతి ప్రయోగాలతో నిరూపించాడు. నీటిలో ఉప్పు ఉంటే కరెంటు మరింత బాగా పారుతుంది. అందుకే చలికాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే ప్రాంతాల్లో తిరిగిన లారీలను అడుగు నుంచి తుప్పు తినేసి ఉంటుంది. అమెరికా పశ్చిమాన ఎడారి రాష్ట్రాల్లో పడి ఉన్న లారీ రేకు గట్టిగానే ఉంటుంది. అక్కడ దెబ్బతినేవి రబ్బరు, కాన్వాసు, కలప.

తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు అడుగుతుంది. తేమ తీరును బట్టి, పోయిన ఇనుముకు రెండింతల నుంచి ఆరింతల దాకా పెరుగుతుంది. రెండు రేకులను ఒకదానిమీద ఒకటి పెట్టి వెల్డింగు చుక్కలతో అతికిన చోట తేమ దూరితే, మధ్యలో పుట్టిన తుప్పు రెండింటినీ వేరుచేస్తూ ఉబ్బుతుంది. చాసిస్‌కు బలం కోసం వేసిన పట్టీ అలలు అలలుగా వంగిపోయి కనిపిస్తే కారణం ఇదే. దానిమీద పుట్టీ పూసి రంగు కొట్టడం వంచన. రివెట్లు తీసి, పట్టీ విప్పి, లోపలి తుప్పు గీకి, మళ్లీ రివెట్లు వేయాల్సిందే.

విప్పడం అన్నాక మొదటి శత్రువు పట్టేసిన నట్టు. నట్టుకూ బోల్టుకూ మధ్య మరల్లో ఉండే సందు చాలా సన్నం. తుప్పు ఉబ్బి ఆ సందును నింపేస్తుంది. పల్చటి నూనె వేసి ఒకటి రెండు రోజులు వదిలేస్తే కేశాకర్షణతో అది లోపలికి పాకుతుంది. అప్పటికీ కదలకపోతే గ్యాస్ మంట. అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్ల నట్టును చప్పున 300 డిగ్రీలు వేడెక్కిస్తే దాని రంధ్రం 0.045 మిల్లీమీటర్లు విప్పారుతుంది. వినడానికి ఏమీ కాదు. తుప్పు కరుడును చిట్లగొట్టడానికి మాత్రం అది చాలు. కిటుకంతా వేడి నట్టుకే తగిలి, బోల్టుకు చేరకముందే స్పానరు తిప్పడంలో ఉంది. బోల్టు కూడా కాగితే రెండూ కలిసి పెరుగుతాయి, సందు ఎప్పటిలాగే ఉండిపోతుంది.

ఈ లారీ ఎడమవైపు చక్రాల నట్లకు మర ఎడమ తిరుగుడు. చక్రం తిరిగే ఊపుకు నట్టు వదులు కాకుండా ఆనాటి అమెరికన్ లారీలకు ఇలా చేసేవారు. ఈ సంగతి తెలియనివాళ్లు నాలుగడుగుల గొట్టం తగిలించి బలం కొద్దీ అటే బిగించి స్టడ్డు తెంపుతారు. పక్కనే అదే యుద్ధంలో తిరిగిన బ్రిటిష్ బెడ్‌ఫర్డ్ లారీ ఉంటే ఇబ్బంది మరో రకం. అమెరికన్ మర కోణం 60 డిగ్రీలు, బ్రిటిష్ విట్‌వర్త్ మర కోణం 55. ఒకరి నట్టు మరొకరి బోల్టుకు సరిగ్గా కూర్చోదు. యుద్ధంలో మిత్రదేశాలు ఇందువల్ల పడ్డ అవస్థ అంతా ఇంతా కాదు. చివరికి అమెరికా, బ్రిటన్, కెనడా కూర్చుని 1948లో ఉమ్మడి మర కొలతలు ఒప్పుకున్నాయి. రెండు దేశాల లారీలనూ బాగుచేసేవాళ్ల షెడ్డులో నేటికీ రెండు జతల స్పానర్లు వేలాడుతుంటాయి.

చిన్న భాగాల తుప్పు వదిలించడానికి ఇంటి దగ్గరే చేసుకోదగిన పద్ధతి ఒకటి ఉంది. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి బట్టల సోడా కలుపుతారు. తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ చార్జరు రుణ ధ్రువానికీ, పనికిరాని ఇనుప రేకు ముక్కను ధన ధ్రువానికీ తగిలించి రెండూ ముట్టుకోకుండా ముంచుతారు. నీటిబొట్టు చేసిన పని ఇక్కడ తలకిందులవుతుంది. ఎలక్ట్రాన్లు భాగంలోకి ఎదురు ప్రవహించి ఎర్ర తుప్పులో కొంతను నల్లటి మాగ్నటైట్‌గా మారుస్తాయి. ఉపరితలం మీద పుట్టే హైడ్రోజన్ బుడగలు మిగతాదాన్ని వదులు చేస్తాయి. మర్నాడు బ్రష్షుతో రుద్దితే నల్లటి మడ్డి ఊడి, భాగం మీద పోతపోసిన నంబరు పైకి తేలుతుంది. ఇసుక కొట్టి తీసే పద్ధతిలా మంచి ఇనుమును ఇది తినదు. రెండు జాగ్రత్తలు తప్పనిసరి. హైడ్రోజన్ అంటుకునే వాయువు కాబట్టి ఆరుబయటే చేయాలి. ధన ధ్రువానికి స్టెయిన్‌లెస్ స్టీలు వాడకూడదు. అందులోని క్రోమియం విషపు రూపంలో నీటిలోకి దిగుతుంది.

ఇంజను గురించి క్లుప్తంగానే చెబుతాను, ఎందుకంటే ఇందులో అది తక్కువ ఏడిపించే భాగం. కంప్రెషన్ తక్కువ, సుమారు 6.75. నాసిరకం పెట్రోలుతో నడవాలని అలా పెట్టారు. పిస్టన్లు సిలిండర్లకు పట్టేసి ఉంటే ప్లగ్గులు తీసి పల్చటి నూనె పోసి వారాలు ఆగి, ఫ్లైవీలును అటూ ఇటూ మెల్లగా ఆడిస్తారు. తొందరపడ్డవాళ్లు రింగులు విరగ్గొడతారు. ఈ కాలపు పెట్రోలులో కలుస్తున్న ఇథనాల్ కొత్త చిక్కు. అది తేమను పీల్చుకుంటుంది, ఆనాటి రబ్బరు డయాఫ్రం, గొట్టాలను మెత్తబరుస్తుంది. ఇథనాల్‌ను తట్టుకునే రబ్బరుతో చేసిన డయాఫ్రం వేయడం ఒక్కటే దారి. అసలైన భాగమే ఉండాలన్న పట్టుదలకు ఇక్కడ చోటివ్వకూడదు. పెట్రోలు కారితే లారీతోపాటు మనిషీ కాలిపోతాడు.

విద్యుత్తు సంగతి వేరు. ఈ లారీది 6 వోల్టుల వ్యవస్థ. సెల్ఫ్ మోటారు 200 ఆంపియర్లు లాగుతోందనుకుందాం. ఎక్కడో ఎర్త్ తీగ కొస తుప్పు పట్టి ఓములో నూరోవంతు అడ్డు వచ్చిందనుకుందాం. ఆ ఒక్క చోటే 2 వోల్టులు హరించుకుపోతాయి, ఉన్నదాంట్లో మూడోవంతు! అదే పని 12 వోల్టులతో చేస్తే 100 ఆంపియర్లు చాలు, పోయేది ఒక్క వోల్టు, పన్నెండో వంతు. 'ఆరు వోల్టులు పనికిరావు' అని విసుక్కునేవాళ్ల లారీలో చాలాసార్లు తప్పు వోల్టులది కాదు. చాసిస్‌కు ఎర్త్ బిగించిన చోట రంగు గీకి, మెరిసే ఇనుము మీద తీగ కొస బిగిస్తే ఇంజను చప్పున అందుకుంటుంది.

ఇక రంగు. నా దృష్టిలో ఈ వ్యాపకంలో అన్నిటికంటే ఓర్పూ నిజాయితీ అడిగే పని ఇదే. తలుపు మీదో బానెట్ మీదో ఒకచోట తడిపిన వాటర్ పేపరుతో గుండ్రంగా మెల్లగా రుద్దుతూ పోతే, చెట్టు మొద్దు కోసినప్పుడు కనిపించే వలయాల్లా రంగుల పొరలు బయటపడతాయి. పైన ఏ రైతో వేయించిన నీలం, దానికింద యుద్ధం తర్వాత కొన్నేళ్లు వాడుకున్న మరో దేశపు సైన్యం ఆకుపచ్చ, ఆ కింద అమెరికన్ ఆలివ్ డ్రాబ్, అడుగున ఎర్రటి ప్రైమరు. ఇంకా జాగ్రత్తగా రుద్దితే తెల్ల నక్షత్రం అంచు, బానెట్ పక్కన 4తో మొదలయ్యే సైనిక రిజిస్ట్రేషన్ నంబరు దొరకవచ్చు. ఆ తరగతి లారీలన్నిటికీ మొదటి అంకె 4. బంపరు మీద దళం పేరు ఆనవాళ్లు దొరికితే ఆ లారీ యుద్ధంలో ఏ దళంలో పనిచేసిందో తెలుసుకునే దారి తెరుచుకుంటుంది. మొత్తం లారీని ముందే ఇసుకతో కొట్టించి మెరిపించేవాళ్లు ఈ చరిత్రనంతా ఒక్క పూటలో ధూళి చేస్తున్నారు. ముందు ఫోటోలు తీసి, పొరలు చదివి, కొలతలు రాసుకుని, ఆ తర్వాతే గీకాలి. ఆలివ్ డ్రాబ్ కూడా మెరవకూడదు. రంగుపొడి పాళ్లు పెంచి పైపొరను గరుకుగా ఉంచేవారు. గరుకు తలం వెలుగును ఒకే దిక్కుకు కాక అన్ని దిక్కులకూ చెదరగొడుతుంది, విమానం నుంచి చూసేవాడికి తళుక్కున కనబడదు. ప్రదర్శనలో అద్దంలా నిగనిగలాడే యుద్ధ లారీ కనిపిస్తే నాకు బాధ కలుగుతుంది.

ఆ పాత రంగుల్లో సీసం ఉంటుంది, బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్. పొడిగా గీకితే రెండూ ఊపిరితిత్తుల్లోకి పోతాయి. తడిపి రుద్దాలి, మంచి మాస్కు ఉండాలి. ఆ కాలపు కొన్ని సైనిక వాహనాల మీటర్లలో అంకెలు చీకట్లో వెలగడానికి రేడియం కలిపిన రంగు పూసేవారు. ఇప్పుడవి వెలగవు కాబట్టి ప్రమాదం తీరిపోయిందనుకోవడం పొరపాటు. చచ్చిపోయింది వెలుగునిచ్చే జింక్ సల్ఫైడ్. రేడియం సగం కావడానికి 1,600 ఏళ్లు పడుతుంది. అలాంటి మీటరు అద్దం తెరిచి బ్రష్షుతో తుడవడం ఎంతమాత్రం చేయకూడని పని. చక్రాలది మరో ప్రమాదం. టైరును రిమ్ముకు పట్టి ఉంచేది ఒక ఉక్కు రింగు. గాలి నింపినప్పుడు దానిమీద పడే బలం టన్నుల్లో ఉంటుంది. తుప్పు తిన్న రింగు ఎగిరితే ఎదురుగా ఉన్న మనిషి బతకడు. చక్రాన్ని ఇనుప బోనులో పెట్టి, దూరంగా నిలబడి గాలి కొట్టడం ఈ పని తెలిసినవాళ్లు ఎన్నడూ విడవని నియమం.

లారీ నడిచాక దాన్ని జనానికి చూపించడం. అమెరికాలో 1976లో ఏర్పడిన మిలిటరీ వెహికల్ ప్రిజర్వేషన్ అసోసియేషన్ ఇందులో పెద్ద సంస్థ. 1919లో అమెరికా సైన్యం వాషింగ్టన్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కోకు లారీల బారు నడిపింది. 3,251 మైళ్లు, 62 రోజులు. రోడ్లు ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో అందులో ప్రయాణించిన ఒక యువ అధికారి కళ్లారా చూశాడు. ఆయన పేరు ఐసెన్‌హోవర్. అధ్యక్షుడయ్యాక 1956లో దేశమంతటా మహారహదారులు వేసే చట్టం మీద సంతకం చేశాడు. ఆ ప్రయాణానికి 90 ఏళ్లు నిండిన 2009లో ఆ అసోసియేషన్ సభ్యులు తమ పాత సైనిక వాహనాలతో దేశాన్ని మళ్లీ అడ్డంగా దాటారు. తారురోడ్డు మీద అలా నడిపేటప్పుడు ముందు యాక్సిల్‌ను విడదీయడం మరిచిపోకూడదు. మలుపులో ముందు చక్రాలు వెనకవాటి కంటే ఎక్కువ దూరం తిరగాలి. మధ్యలో డిఫరెన్షియల్ లేదు కాబట్టి ఆ తేడా షాఫ్టుల్లో మెలిగా పేరుకుంటుంది. బురదలో చక్రాలు జారి మెలి వీడుతుంది, తారు మీద వీడదు, ఏదో ఒకటి విరుగుతుంది.

చూపించేటప్పుడు చెప్పే కథ కూడా పూర్తిగా ఉండాలి. రెడ్ బాల్ డ్రైవర్లలో దాదాపు నాలుగింట మూడువంతుల మంది నల్లజాతి సైనికులు. అప్పటి అమెరికా సైన్యంలో వాళ్ల దళాలు వేరు, పడక వేరు, భోజనం వేరు; 1948 జూలైలో అధ్యక్షుడు ట్రూమన్ ఉత్తర్వు ఇచ్చేదాకా అదే విధానం. మన అస్సాంలోని లెడో నుంచి కొండలు తొలిచి చైనాకు వేసిన దారి నిర్మాణంలోనూ అమెరికా తరఫున పనిచేసినవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. 1945 జనవరి 12న లెడోలో కదిలిన మొదటి లారీల బారు ఫిబ్రవరి 4న కున్మింగ్ చేరింది. నక్షత్రం సరిగ్గా వేసి, కాన్వాసు సరిగ్గా కట్టి, లారీ పక్కన పెట్టిన బోర్డు మీద ఈ మాట రాయకపోతే ఆ పునరుద్ధరణ సగంలోనే ఆగినట్టు.

మన దేశంలో ఇలాంటి ఆదరణకు అన్ని విధాలా తగిన లారీ శక్తిమాన్. జర్మనీ మ్యాన్ సంస్థ లైసెన్సుతో 1959 నుంచి జబల్‌పూర్‌లో తయారై, 1990ల దాకా మన సైన్యపు బరువంతా మోసింది. సికింద్రాబాదు కంటోన్మెంటు దారుల్లో తిరిగినవాళ్లకు దాని ముక్కూ మొహమూ గుర్తుండే ఉంటాయి. 2021లో కేంద్రం పాతకాలపు వాహనాల రిజిస్ట్రేషన్‌కు నియమాలు తెచ్చింది. 50 ఏళ్లు దాటిన సొంత వాడకపు వాహనాలకు ప్రత్యేక వరుసలో నంబరు ఇస్తారు. అయితే ఆ నిర్వచనంలోకి వచ్చేవి ద్విచక్ర వాహనాలు, మనుషులెక్కే కార్ల తరగతి మాత్రమే. లారీకి అందులో చోటు లేదు. ఈ నిర్వచనాన్ని సవరించాలి. శక్తిమాన్ తుక్కుకు పోవడం నిర్వచనం కోసం ఆగదు కాబట్టి త్వరగా సవరించాలి.

చట్టం కంటే ముందు చేయగలిగిన పని ఒకటుంది. సైన్యపు వాహనాలను మరమ్మతు చేసే ఈఎంఈ విభాగం 1943లో, ఆ యుద్ధం మధ్యలోనే పుట్టింది. దాని కళాశాల సికింద్రాబాదులోనే ఉంది. శక్తిమాన్ ఇంజనును కొండ మీద, చలిలో, రాత్రిపూట విప్పి బిగించిన విశ్రాంత హవల్దార్లు మన మధ్యే ఉన్నారు. జీఎంసీ లారీకి జి-508 జాబితా, టీఎం 9-801 పుస్తకం మిగిలాయి కాబట్టే అది నడుస్తోంది. శక్తిమాన్‌కు సంబంధించిన పుస్తకాలను స్కాన్ చేయించాలి. పుస్తకంలో లేనివి, ఏ నట్టు ఎటు నుంచి అందుతుంది, ఏ చప్పుడు వస్తే ఏ బేరింగు పోయినట్టు, క్లచ్ ప్లేటు మార్చేటప్పుడు గేరుబాక్సును దేనిమీద ఆనించేవారు అన్నవి ఆ మెకానిక్కుల చేత చెప్పించి వీడియోల్లో భద్రపరచాలి.